కోరాపుట్ కొండల్లో హైబుష్ బ్లూబెర్రీ: రకాలు, పెరుగుదల, దిగుబడి మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో సెమిలిగుడ, పొట్టంగి, సునాబెడ, జయపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగు రైతులు ఈ మధ్య బ్లూబెర్రీ గురించి తెగ అడుగుతున్నారు, వీడియోల్లో చూసి నేరుగా ఎకరం ఎకరం వేసేద్దాం అంటున్నారు. అందుకే పదేపదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ముందే చెప్పేస్తున్నా, ఈ పంటలో రకం, నేల, నీళ్ళు ఈ మూడూ మొదటిరోజే కుదరాలి, అవి కుదరకపోతే తర్వాత ఎన్ని మందులు కొట్టినా ఎంత ఎరువు పోసినా మొక్క కోలుకోదు.

అసలు మన కొండల మీద బ్లూబెర్రీ కాస్తుందా?

కాయడానికి అవకాశం ఉంది, కానీ అన్ని రకాలూ కాయవు. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి వచ్చేసరికి గాలి ఎలా మారిపోద్దో అందరికీ తెలుసు, లెక్క ప్రకారం ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి దగ్గర దగ్గర 6.5 డిగ్రీల వేడి తగ్గుద్ది. కోరాపుట్ పీఠభూమి చాలావరకు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, దేవమాలి శిఖరం అయితే 1672 మీటర్లు. అంటే విజయనగరం కంటే ఇక్కడ చాలా చల్లన, హిమాచల్ తో పోలిస్తే మాత్రం ఇది వెచ్చటి ప్రాంతమే. ఈ రెండో మాట మర్చిపోయి మొక్కలు కొనేవాళ్ళే ఎక్కువ.

హైబుష్ అంటే ఏంటి, అందులో నార్తర్న్, సదరన్ అని ఎందుకంటారు?

బ్లూబెర్రీలో మనిషెత్తు పెరిగే పొద రకం ఇది, పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు వైపు. అడవిలో ఉన్న మొక్కని తోటలోకి తెచ్చింది ఫ్రెడరిక్ కోవిల్ అనే శాస్త్రవేత్త, న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, వాళ్ళ తోట కాయ మొదటిసారి 1916లో అమ్మకానికి వెళ్ళింది. ఈ మొక్కకి పుల్లటి నేల తప్పనిసరి అని పట్టుకుంది కూడా కోవిలే. అంతకుముందు మంచి బలమైన తోటనేలలో పెట్టి పెట్టి జనం విసిగిపోయారు, ఎందుకు చచ్చిపోతుందో ఎవరికీ అర్థం కాలేదు.

నార్తర్న్ హైబుష్ అంటే ఆ చలిదేశపు రకాలు, డ్యూక్, బ్లూక్రాప్, ఎలియట్, జెర్సీ లాంటివి. సదరన్ హైబుష్ అంటే వాటిని ఫ్లోరిడాలో ఆకురాల్చని ఒక చిన్న అడవి బ్లూబెర్రీతో కలిపి తయారుచేసినవి, తక్కువ చలికే పూత వచ్చేలాగ. మన కొండలకి ఈ సదరన్ వే కావాలి.

చిల్ అవర్స్ అంటున్నారు, అవి మన దగ్గర ఎన్ని వస్తాయి?

చలికాలంలో ఉష్ణోగ్రత 0 నుంచి 7.2 డిగ్రీల మధ్య ఉన్న గంటలన్నీ కూడితే వచ్చేదే చిల్ అవర్స్. మొగ్గ నిద్రలోంచి లేవాలంటే మొక్కకి అన్ని గంటల చలి కావాలన్నమాట. నార్తర్న్ రకాలు చాలావాటికి 800 నుంచి 1000 గంటలు పడుద్ది, సదరన్ వాటికి 150 నుంచి 500 లోపు చాలు.

మన వైపు డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల కిందకి దిగడం మామూలే, గట్టి చలి పట్టిన రోజుల్లో ఇంకా తగ్గుద్ది. కానీ ఆ చలి తెల్లవారుజామున కొన్ని గంటలే, పది గంటలకల్లా ఎండ వచ్చేసి మధ్యాహ్నం స్వెటర్ తీసేస్తాం కదా, ఆ మధ్యాహ్నపు వేడి వచ్చిన చలిని కొంత చెరిపేస్తుంది కూడా. కాబట్టి 800 గంటల సంగతి పూర్తిగా మర్చిపోండి. మీ పొలంలో ఎంత వస్తుందో తెలియాలంటే ఒక చిన్న డేటా లాగర్ (ఉష్ణోగ్రతని దానంతట అదే నమోదు చేసుకునే పరికరం) కొని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీడలో, నేలకి నాలుగడుగుల ఎత్తులో వేలాడదీయండి, పక్క ఊరి లెక్క మీ డొంగరుకి, అంటే కొండవాలు పొలానికి, పనికిరాదు.

అయితే ఏ రకం పెట్టాలి?

నన్నడిగితే మొదటి పేరు బిలోక్సీ. 1998లో అమెరికా వ్యవసాయశాఖ మిసిసిపీ నుంచి విడుదల చేసింది, 150 గంటల చలి కూడా చాలు, నిటారుగా బలంగా పెరుగుద్ది, పేటెంట్ గొడవ లేదు కాబట్టి పెరూ, మెక్సికో లాంటి చోట్లంతా పాకింది. కాయ మధ్యరకం సైజు, రుచి బాగుంటుంది. పూత ఒక్కసారిగా కాకుండా విడతలు విడతలుగా వస్తుంది, దాంతో కోతలు ఎక్కువ పడతాయి, ఇంట్లో మనుషులే కోసుకునే చిన్న రైతుకి అది మంచిదే.

దానికి జతగా ఎమరాల్డ్. కాయ పెద్దది, చెట్టుకి దిగుబడి ఎక్కువ, 250 గంటల దాకా చలి అడుగుద్ది కాబట్టి పొట్టంగి, దేవమాలి వైపు ఎత్తు ఊళ్ళకి సరిపోవచ్చు, జయపురం లాంటి దిగువకి నేను చెప్పను. జ్యూయెల్ కూడా పెద్ద కాయే, కాస్త పులుపు ఉంటుంది, కానీ దానికి ఆకు తుప్పు తెగులు బాగా తగులుద్ది, మన వానలకి అది పెద్ద సమస్య.

మిస్టీ గురించి చాలామంది అడుగుతారు ఎందుకంటే నర్సరీల్లో సులువుగా దొరుకుద్ది. మంచి రకమే గానీ ఒళ్ళు తెలీకుండా పూస్తుంది, ఆకు కంటే పూత ఎక్కువైపోయి కొమ్మలు ఎండిపోతాయి, ప్రతి ఏడూ సగం పూమొగ్గలు కత్తిరించి పారేయగలిగిన వాళ్ళే దాన్ని పెట్టుకోండి. షార్ప్‌బ్లూ 1976 నాటి పాత ఫ్లోరిడా రకం, ఇంటి పెరట్లోకి బాగుంటుంది, కాయ మెత్తన, కోసినప్పుడు తొడిమ దగ్గర చిరుగుద్ది, అందుకని దూరపు మార్కెట్ కి పనికిరాదు.

స్టార్, ఓనీల్ లాంటివి 400 గంటలు, ఆపైన అడుగుతాయి, వాటి జోలికి వెళ్ళొద్దు.

హిమాచల్, కాశ్మీర్ లో డ్యూక్, బ్లూక్రాప్ వేస్తున్నారట కదా, మనం ఎందుకు వేయకూడదు?

వాళ్ళకి నిజమైన శీతాకాలం ఉంది, అందుకు. బ్లూక్రాప్ ని ఇక్కడ పెడితే మొక్క బతుకుద్ది, ఆకు కూడా వేస్తుంది, కానీ మొగ్గలు సరిగ్గా విచ్చవు, కొమ్మ కొసన నాలుగు ఆకులు, కింద అంతా బోడి, అక్కడక్కడా పూత, ఏడాది తర్వాత ఏడాది అలాగే సాగుద్ది. పెట్టిన రైతు తన ఎరువు తప్పనుకుంటాడు, నిజానికి తప్పు ఎరువుది కాదు.

బయటి కొండదేశాల సమాచారం చదివేటప్పుడు ఇంకో సంగతి చూసుకోండి. అక్కడ ఎత్తుకి వెళ్ళేకొద్దీ వేసవి చిన్నదైపోద్ది, కాబట్టి ఎలియట్ లాంటి ఆలస్యపు రకాలు మంచు పడేలోపు పూర్తిగా పండవు, త్వరగా పండే డ్యూక్ లాంటివే నిలబడతాయి, ఇంకా ఎత్తయితే మంచు కింద దాక్కునే పొట్టి రకాలు, మిన్నెసోటా యూనివర్సిటీ చేసిన నార్త్‌బ్లూ లాంటివి, వేస్తారు. అక్కడ భయం మంచు. మన భయం చలి చాలకపోవడం, జూన్ లో దిగే వాన. కాయ మార్చి నుంచి మే మధ్యలో అయిపోవాలి మనకి, అందుకే ఇక్కడ కూడా త్వరగా పండే రకమే కావాలి కానీ కారణం పూర్తిగా వేరు.

మనది ఎర్రనేల, సహజంగానే పుల్లనేల కదా, సరిపోద్దిగా?

సగం నిజం. కోరాపుట్ ఎర్రనేలలు చాలావరకు ఆమ్లపు నేలలే, కానీ బ్లూబెర్రీకి కావాల్సింది పీహెచ్ 4.5 నుంచి 5.2. పీహెచ్ అంటే నేల పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మీ మట్టి 5.8 వస్తే వరికీ చోళ్ళకీ అల్లానికీ అది పుల్లనేల, దీనికి మాత్రం ఎక్కువే. పీహెచ్ ఎక్కువైతే ఇనుము అందదు, లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తిరుగుద్ది, దాన్ని చూసి నత్రజని తక్కువైందని యూరియా వేస్తే ఏమీ మారదు. ముందు మట్టి పరీక్ష చేయించండి, సెమిలిగుడలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పొట్టంగిలో ఒడిశా వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళ ఎత్తైన ప్రాంతాల పరిశోధన కేంద్రం కూడా ఉంది, సుప్రభ, సురుచి అల్లం రకాలు అక్కడినుంచి వచ్చినవే.

పీహెచ్ దించడానికి గంధకం పొడి వాడతారు. మధ్యరకం నేలని 5.5 నుంచి 4.5 కి దించాలంటే చదరపు మీటరుకి సుమారు 120 గ్రాములు, బంకమట్టి అయితే ఇంకా ఎక్కువ. కానీ గంధకం అదే రోజు పనిచేయదు, మట్టిలో బాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చాలి, దానికి తడి, వెచ్చదనం, నెలల టైము కావాలి. అందుకని నాటడానికి కనీసం ఆరు నెలల ముందు, వానలు మొదలయ్యేటప్పుడు కలిపి, మళ్ళీ పరీక్ష చేయించి అప్పుడు మొక్క పెట్టండి.

పొయ్యి బూడిద, సున్నం, పచ్చి పేడ, కోళ్ళ ఎరువు దగ్గరకి రానీయొద్దు. బూడిద, సున్నం పీహెచ్ పెంచేస్తాయి, పేడలో ఉప్పు ఎక్కువ, దీని వేర్లు చాలా సన్నం, వేర్లకి ఉండాల్సిన నూగు కూడా ఉండదు, ఒకరకం బూజు సాయంతో తిండి లాక్కుంటుంది. రంపపు మిల్లు పొట్టు, చిదిగిన బెరడు, ఎండు ఆకు ఇవి మట్టిలో కలపండి, పైన కూడా నాలుగంగుళాలు పరచండి. పొట్టు కుళ్ళేటప్పుడు నత్రజని తినేస్తుంది కాబట్టి ఎరువు కాస్త పెంచాలి.

బోరు నీళ్ళా, గెడ్డ నీళ్ళా?

వీలైతే వాననీళ్ళు లేదా గెడ్డ (కొండవాగు) నీళ్ళు. బోరు నీళ్ళలో బైకార్బొనేట్ ఉంటే మీరు గంధకం వేసి దించిన పీహెచ్ ని ఆ నీళ్ళు నెమ్మదిగా పైకి లాగేస్తాయి, మొదటి ఏడు మొక్క కళకళలాడి రెండో ఏడు పసుపు తిరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. టీ పాత్రలో అడుగున తెల్లటి పెచ్చు కడుతోందా చూడండి, కడితే ఆ నీళ్ళు పరీక్ష లేకుండా వాడొద్దు. అలాంటి నీళ్ళే దిక్కయితే సిట్రిక్ యాసిడ్ కలిపి పీహెచ్ 5 దగ్గరకి తెచ్చి డ్రిప్ లో ఇస్తారు.

వేర్లు దాదాపు పై అడుగులోనే ఉంటాయి కాబట్టి మూడు రోజులకోసారి తడి పెట్టే పద్ధతి కుదరదు, ఏప్రిల్, మే ఎండల్లో కాపుకొచ్చిన మొక్కకి రోజూ నాలుగైదు లీటర్లు పడుద్ది. వేసవిలో గెడ్డ ఎండిపోయే ఊరైతే ముందు నీటికుంట సంగతి చూసుకోండి, మొక్కల సంగతి తర్వాత.

డొంగరు మీద వేయాలా, జోలాలో వేయాలా?

జోలాలో, అంటే కొండల మధ్య గెడ్డ పక్కన ఉండే పల్లపు పొలంలో, వద్దు. నీళ్ళు ఉంటాయి, మట్టి నల్లగా బాగుంటుంది, అందుకే మనసు అటు లాగుద్ది, కానీ నీళ్ళు నిలిచే చోట బ్లూబెర్రీ వేరు కుళ్ళిపోద్ది, అల్లం వేసినవాళ్ళకి దుంపకుళ్ళు అంటే ఏంటో విడిగా చెప్పక్కర్లేదు. పైగా రాత్రి చల్లగాలి బరువుగా దిగి జోలాలోనే పేరుకుంటుంది, పూత విచ్చాక మైనస్ 2 డిగ్రీలు తగిలితే పూత పోయినట్టే, మన దగ్గర అంత రావడం అరుదే గానీ గడ్డి మీద తెల్లగా మంచు గడ్డకట్టే చోట్లు కొన్ని ఉన్నాయి.

వాలు మధ్యభాగం మంచిది, కొండకి అడ్డంగా అడుగు నుంచి అడుగున్నర ఎత్తు మళ్ళు చేసి మడి మీద నాటండి. మళ్ళ మధ్య గడ్డి వదిలేయండి, లేకపోతే మొదటి జడివానకే పైమట్టి కొట్టుకుపోద్ది.

కుండీల్లో, గ్రో బ్యాగుల్లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, మట్టి పీహెచ్ దారికి రాని చోట అదే మంచి దారి. 30 నుంచి 40 లీటర్ల బ్యాగు, బాగా కడిగి ఉప్పు తీసేసిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), బెరడు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు). ఒక్క ఇబ్బంది, ఒక పూట డ్రిప్ ఆగితే కుండీ మొక్క ఆ మధ్యాహ్నమే వాడిపోద్ది. కరెంటు ఎక్కువ పోయే ఊళ్ళో ఎత్తు మీద ట్యాంకు పెట్టి గ్రావిటీతో నీళ్ళు ఇవ్వండి, కొండవాలు మనకి ఆ సౌకర్యం ఇస్తుంది.

కాఫీ తోటలో సిల్వర్ ఓక్ కింద అంతరపంటగా వేయొచ్చా?

వేయొద్దు. కాఫీకి నీడ కావాలి, దీనికి నిండా ఎండ కావాలి. నీడలో మొక్క పొడుగ్గా సాగి పూమొగ్గలు తక్కువ కడుతుంది.

ఎరువు ఏది, ఎంత?

అమ్మోనియం సల్ఫేట్. బ్లూబెర్రీ నత్రజనిని అమ్మోనియం రూపంలో బాగా తీసుకుంటుంది, నైట్రేట్ రూపంలో అంతగా తీసుకోదు, కాబట్టి కాల్షియం నైట్రేట్ లాంటివి వద్దు. మొదటి ఏడు విడతకి 10 నుంచి 15 గ్రాములు దాటకుండా మొదలుకి జానెడు దూరంలో చల్లి నీళ్ళు పెట్టాలి. పొటాష్ కోసం ఎర్ర పొటాష్ అని మనం వాడే మ్యూరియేట్ వేయొద్దు, అందులో క్లోరైడ్ ని ఇది తట్టుకోలేదు, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వేయండి. ఎరువు ఎక్కువైందని ఆకు అంచులు మాడడం చూస్తే తెలుస్తుంది.

చెట్టుకి ఎన్ని కేజీలు వస్తాయి? వీడియోలో 8 కేజీలు అన్నారు.

ఈ ప్రశ్నకి నెమ్మదిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అప్పు చేసేది ఈ అంకె చూసే.

మొదటి రెండేళ్ళు పూత తుంచేయాలి. మనసొప్పదు, తెల్లటి గంటల్లాంటి పూత గుత్తులు గుత్తులుగా వస్తే ఎవరికి తుంచాలనిపిస్తుంది, కానీ ఆ వయసులో కాయ మోస్తే వేరూ కొమ్మా కట్టవు, ఆ తర్వాత చెట్టు ఎప్పటికీ గిడసబారే ఉంటుంది. మూడో ఏడు అరకేజీ నుంచి కేజీ వస్తే సంతోషించండి. చలిదేశాల్లో నార్తర్న్ రకాలు పూర్తి కాపుకి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు తీసుకుంటాయి, బాగా చూసుకున్న చెట్టుకి 3 నుంచి 5 కేజీలు వస్తుంది, సదరన్ రకాలు కాస్త ముందే కాపుకొస్తాయి, చెట్టుకి 2, 3 కేజీలు మంచి దిగుబడి కింద లెక్క. 8 కేజీలు ఒక చెట్టుకి ఎక్కడో వచ్చి ఉండొచ్చు, తోట సగటు కింద దాన్ని రాసుకోవద్దు.

వరస మధ్య 3 మీటర్లు, మొక్క మధ్య మీటరు అనుకుంటే ఎకరానికి 1350 మొక్కల దాకా పడతాయి. చెట్టుకి 2 కేజీలు వేసుకుంటే 2700 కేజీలు, అందులో పిట్టలు తిన్నది, వడగళ్ళకి రాలింది, మెత్తబడి తీసేసింది పోగా మిగిలిందే అమ్మకం. బ్యాంకు కాగితంలో చెట్టుకి 1.5 కేజీ రాసి, అప్పటికీ వాయిదా కట్టగలమా అని చూసుకోండి. చెట్టు బాగుంటే 20 ఏళ్ళు పైనే ఉంటుంది, తొందరపడాల్సిన పని లేదు.

దిగుబడి తేడా ఎక్కడ వస్తుంది?

పోయిన ఏడాది ఆకులో. వచ్చే ఏడాది పూమొగ్గలు ఈ ఏడాది కొత్త కొమ్మల కొసల మీద పగలు తగ్గే రోజుల్లో, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కడతాయి. ఆ టైముకి చెట్టు మీద ఆకు ఆరోగ్యంగా ఉంటేనే మొగ్గ నిండుగా కడుతుంది. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకు తడారదు, తుప్పు, ఆకుమచ్చ పట్టి ఆగస్టులోనే ఆకు రాలిపోతే వచ్చే మార్చిలో కాయ ఉండదు. కాయ లేదు కదా అని వానాకాలంలో తోటని వదిలేసేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు.

అందుకని మే చివర్లో కోత అవగానే కత్తిరింపు చేయండి, నడుమ ఇరుకైన కొమ్మలు, నేలకి వాలినవి, నాలుగైదేళ్ళు దాటిన ముదురు కాండాలు మొదలుకంటా తీసేసి గాలి ఆడేలా చేయండి. ఆకు అడుగు తిప్పి చూస్తూ ఉండండి, పసుపు పొడి వేలికి అంటితే అది తుప్పు. మందు ఏది కొట్టాలో కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి కొట్టండి, దుకాణంలో చేతికిచ్చింది వద్దు. వీలైన వాళ్ళు వానాకాలం పైన ప్లాస్టిక్ రెయిన్ షెల్టర్ వేస్తే తెగులు సగం తగ్గుద్ది, ఖర్చు మాత్రం ఉంది.

ఒకే రకం పెడితే కాస్తుందా? తేనెటీగల పెట్టెలు కావాలా?

హైబుష్ తన పుప్పొడితో తనే కాయ కట్టగలదు, కానీ పక్కన ఇంకో రకం ఉంటే కాయ పెద్దదవుద్ది, త్వరగా పండుద్ది. రెండు వరసలు బిలోక్సీ, రెండు వరసలు ఎమరాల్డ్ అలా వేయండి, పూత టైము కలిసేలా చూసుకోండి.

ఈ పువ్వు తలకిందులుగా వేలాడే గంట, పుప్పొడి లోపల గొట్టాల్లో ఉంటుంది, రెక్కలు ఝుమ్మని అదిరిస్తేనే రాలుద్ది. అమెరికాలో ఆ పని బంబుల్ బీ చేస్తుంది, మన దగ్గర పొట్ట మీద నీలం చారలు ఉండే ఒంటరి తేనెటీగలు కొన్ని అలా అదిరిస్తాయి, మామూలు పుట్టతేనె ఈగ అదిరించలేదు గానీ ఎక్కువ సంఖ్యలో తిరిగితే పని జరుగుద్ది. ఇవి మీ దగ్గర ఉండాలంటే ఏడాదంతా తిండి ఉండాలి, వలిసెలు పూసినప్పుడు ఎంత ఈగ తిరుగుద్దో మీరు చూసే ఉంటారు, ఆ పూత అయిపోయాక జనవరిలో మన పూత దొరికితే ఈగకి కూడా లాభమే. పూత మీద ఉన్నన్నాళ్ళు పురుగుమందు కొట్టొద్దు, పక్క చేనువాళ్ళకి కూడా చెప్పుకోండి.

కాయ నీలం రాగానే కోసేయొచ్చా?

ఆగండి. నీలం తిరిగాక కూడా చెట్టు మీద నాలుగైదు రోజులు ఉంటేనే తీపి ఎక్కుద్ది, కోశాక తీపి పెరగదు. కాయ తిప్పి తొడిమ వైపు చూడండి, చుట్టూ ఎర్రటి వలయం కనపడితే ఇంకా కాలేదు, అక్కడ కూడా నీలం నిండి, బొటనవేలితో తాకితే దానంతట అది చేతిలో పడితే పండినట్టు. పైన తెల్లటి బూడిద పూత ఉంటుంది, అది చెరగకుండా కోయాలి, కడగకూడదు, తుడవకూడదు, కొనేవాళ్ళు తాజాదనం దాన్ని చూసే లెక్కేస్తారు. వారానికోసారైనా ప్రతి చెట్టుకీ తిరగాలి, ఎండ ఎక్కకముందే పొద్దున్నే కోసేయాలి, మంచు తడి ఉన్న కాయ మాత్రం కోయొద్దు, బూజు పడుద్ది. కేజీకి 500 పైనే కాయలు తూగుతాయి కాబట్టి కోత కూలి లెక్క ముందే వేసుకోండి.

పిట్టలకి వల తప్పదు. మార్చి, ఏప్రిల్ లో వడగళ్ళ వాన కూడా పడుద్ది కదా, ఒకే వల రెండిటికీ సరిపోయేలా చూసి కొనండి.

అమ్మకం ఎక్కడ?

కుందులి సంతలో అయితే అమ్ముడవదు, అది కూరగాయల సంత, అక్కడ దీని పేరు కూడా తెలీదు. కొనేది విశాఖపట్నం, భువనేశ్వర్, రాయపూర్, హైదరాబాద్ లో సూపర్ మార్కెట్లు, కేకు షాపులు, హోటళ్ళు. అక్కడ ఇప్పుడు ఉన్నది ఎక్కువగా పెరూ, చిలీ లాంటి చోట్లనుంచి 125 గ్రాముల డబ్బాల్లో వచ్చే దిగుమతి కాయ. కోసిన గంటల్లోనే చల్లబరిచి 0, 1 డిగ్రీల దగ్గర పెడితే రెండు వారాలు నిలుస్తుంది, మామూలు గదిలో పెడితే రెండు మూడు రోజులకే మెత్తబడుద్ది. కాబట్టి కోల్డ్ రూము లేని ఊళ్ళో ఒక్కరే వేయకుండా నలుగురైదుగురు కలిసి ఒక చిన్న చల్లగది పెట్టుకునే ఆలోచన చేయండి. అరకు టూరిస్టులు మార్చి తర్వాత తగ్గిపోతారు, వాళ్ళ మీద మాత్రమే ఆధారపడొద్దు.

మొక్కలు ఎక్కడ తేవాలి? ఆన్‌లైన్ లో విత్తనాలు చవగ్గా ఉన్నాయి.

విత్తనం వద్దు. విత్తనంతో వచ్చిన మొక్క తల్లి రకంలా ఉండదు, ఎన్ని చిల్ అవర్స్ అడుగుద్దో ఎవరికీ తెలీదు, అది కాయడానికి మూడు నాలుగేళ్ళు ఎదురుచూసి అప్పుడు తెలుసుకుంటారు. టిష్యూకల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్క గానీ కొమ్మ ముక్కతో పెంచిన మొక్క గానీ కొనండి. నర్సరీవాళ్ళని రకం పేరు బిల్లు మీద రాయమనండి, వట్టి బ్లూబెర్రీ అని రాస్తే తీసుకోవద్దు. కుండీలోంచి మెల్లగా తీసి వేరు చూడండి, లేత గోధుమరంగులో సన్నటి పీచులా అల్లుకుని ఉండాలి, నల్లగా మెత్తగా ఉండి వాసన వస్తే వెనక్కిచ్చేయండి. కొత్త రకాలకి లైసెన్సులు ఉంటాయి, పక్కవాళ్ళ తోటలో కొమ్మ తెచ్చి అమ్మకానికి పెంచితే ఇబ్బంది.

ఎంతతో మొదలుపెట్టాలి, ఎప్పుడు నాటాలి?

50 మొక్కలు, మూడు రకాలు, అంతకు మించి వద్దు. జూన్ లో గంధకం, పొట్టు కలిపి మళ్ళు చేసి పెట్టి, వానలు వెనకబట్టాక మట్టి మళ్ళీ పరీక్ష చేయించి, పీహెచ్ 5.2 కిందకి వస్తే డిసెంబరులో నాటండి, రాకపోతే ఆ ఏడు బ్యాగుల్లో పెట్టి వచ్చే ఏడు నేలలోకి మార్చండి. ప్రతి రకానికీ పూత ఎప్పుడు మొదలైంది, కోత ఎప్పుడు, కాయ ఎంత అన్నది ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉండండి, మీ ఊరికి ఏ రకం సరిపోద్దో దాన్నిబట్టే ఎకరానికి వెళ్ళండి.